క్లాసిక్ 350 ముందు బ్రేకు: మొదట బాగు చేసుకోండి, అప్‌గ్రేడ్ సంగతి ఆ తర్వాత

మన దగ్గర బండి నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది, "ముందు బ్రేకు జోలికి పోకు, పల్టీ కొడతావ్" అని. ఆ భయం మనసులో నాటుకుపోయి ఏళ్ల తరబడి వెనక బ్రేకు మీదే బండి ఆపేవాళ్లు నాకు చాలామంది తెలుసు. అసలు జరిగేది ఏంటంటే, బ్రేకు పడగానే బండి బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు, అందుకే వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం జారుతుంది గానీ బండి ఆగదు. ఎవరో పిల్లాడు అడ్డం వచ్చినప్పుడు బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే, ఆపే పనిలో 70 శాతం పైనే అది చేస్తుంది.

అంత పని చేసే దాన్ని మనం పట్టించుకునేది చాలా తక్కువ. ఇంజిన్ ఆయిల్ టైముకి మారుస్తాం, చైన్‌కి లూబ్ కొడతాం, ట్యాంకు తుడుస్తాం. బ్రేక్ ఆయిల్ మాత్రం షోరూమ్‌లో పోసిందే ఐదారేళ్లు ఉంటుంది. తర్వాత ఒకరోజు బ్రేకు సరిగ్గా పడట్లేదని తోస్తుంది, వెంటనే స్టీల్ హోసు (బ్రేక్ ఆయిల్ వెళ్లే పైపు), పెద్ద డిస్కు, కొత్త క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) అంటూ వెతకడం మొదలెడతాం. స్టీల్ హోసు వేయించాక బ్రేకు అదిరిపోయిందని చెప్పేవాళ్లలో చాలామందికి అసలు తేడా తెచ్చింది హోసు కాదు, దాంతోపాటు పోసిన కొత్త ఆయిల్. అందుకే నేను చెప్పే వరస ఇది: ఉన్న బ్రేకుని కొత్తప్పుడు ఎలా ఉందో ఆ స్థితికి తెచ్చుకోండి, నాలుగు రోజులు నడపండి, అప్పటికీ చాలదనిపిస్తే అప్పుడు ఒక్కొక్కటిగా మార్చండి.

ఉదాహరణకి 2021 కంటే ముందు వచ్చిన పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకుంటున్నాను. 190 కిలోలు దాటిన బండి, ముందు 280 మి.మీ. డిస్కు ఒక్కటే, రెండు పిస్టన్ల ఫ్లోటింగ్ క్యాలిపర్. ఇద్దరెక్కి సామాను కట్టుకుని ఘాట్ దిగేటప్పుడు దాని మీద ఎంత భారం పడుతుందో మీరే ఊహించుకోండి. పల్సర్, అపాచీ, ఎఫ్‌జడ్ లాంటి డిస్కు బండ్లకీ పద్ధతి ఇదే, బోల్టుల సైజులు, బిగింపు కొలతలు మారతాయంతే. ఆ కొలతలు మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి, వాటినే పాటించండి.

ముందు రోగం కనుక్కోండి

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి ముందు బ్రేకు లివర్ మామూలుగా నొక్కండి. కొంచెం దిగి అక్కడ గట్టిగా ఆగిపోతే మంచిదే. మెత్తగా దిగుతూ పోయి, రెండు మూడుసార్లు టకటకా కొడితే గట్టిపడుతుంటే లైనులో గాలి ఉన్నట్టు. నొక్కి అలాగే పట్టుకుంటే లివర్ మెల్లమెల్లగా హ్యాండిల్ వైపు జారుతుంటే మాత్రం జాగ్రత్త. అప్పుడు ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఉండి ఆయిల్‌ని తోసే పంపు) లోపలి రబ్బరు సీలు పోయింది. అది గాలి తీస్తే పోయే రోగం కాదు, కారే చోటు బాగు చేయాలి, లేదా మాస్టర్ సిలిండర్ కిట్టు వేయాలి, అప్పటిదాకా బండి తీయొద్దు.

తర్వాత ఇంజిన్ కింద చెక్క పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి చేత్తో తిప్పండి. ప్యాడ్లు కాస్త రాసుకుంటున్న చప్పుడు రావడం సహజమే. ఒక చుట్టు కూడా తిరగకుండా పట్టేస్తుంటే పిస్టన్ గానీ, క్యాలిపర్ జారే పిన్నులు గానీ బిగుసుకున్నాయి. నడిపేటప్పుడు బ్రేకు వేస్తే లివర్ చేతిలో తన్నుతున్నట్టు అనిపిస్తే డిస్కు వంగింది, లేదా ఒకచోట మందం ఒకచోట పలచగా అరిగింది. వంగిందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు: ఒక సన్నని తీగ ముక్కని ఫోర్కుకి కట్టి దాని కొన అంచు దగ్గర డిస్కు పక్క ముఖానికి తగిలీ తగలనట్టు వంచి పెట్టండి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఆ సందు ఎక్కడ పెరుగుతోందో ఎక్కడ తరుగుతోందో చూడండి. కంటికి తెలిసేంత తేడా ఉంటే ఆ డిస్కుకి సెలవిచ్చేయండి. సుత్తితో కొట్టి సరిచేస్తామనేవాళ్లు ఉంటారు, వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

డిస్కు మీదే ఎక్కడో చిన్న అక్షరాల్లో కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది. మురికి తుడిచి చదవండి. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) ఉంటే ప్యాడ్లు రాసుకునే భాగంలో నాలుగైదు చోట్ల కొలవండి, అంచు దగ్గర కొలిస్తే లాభం లేదు, అక్కడ అరగదు కాబట్టి ఎప్పుడూ కొత్తదానిలాగే చూపిస్తుంది.

ఇంకోటి, డిస్కు మీద జిడ్డు ఉందేమో చూడండి. ఫోర్కు సీలు కారి ఆ ఆయిల్ క్యాలిపర్ మీదికి దిగడం పాత బండ్లలో మామూలు. వాటర్ వాష్ సెంటర్లలో కడిగాక మెరుపు కోసం కొట్టే స్ప్రే, అడుగు భాగానికి కొట్టే డీజిల్ కూడా డిస్కు మీద పడతాయి. కడిగించిన వెంటనే బ్రేకు పడలేదని చాలామంది టెన్షన్ పడేది అందుకే. సీలు కారుతుంటే దాన్ని మార్పించాకే బ్రేకు పనికి దిగండి, లేకపోతే కొత్త ప్యాడ్లు కూడా వారంలో పాడవుతాయి.

సామాను

డాట్ 4 బ్రేక్ ఆయిల్ సీలు తీయని సీసా ఒకటి, చిన్నదే చాలు. హ్యాండిల్ మీద మాస్టర్ సిలిండర్‌కి ఉండే ఆయిల్ డబ్బా మూత మీద ఏ రకం పోయాలో రాసి ఉంటుంది, అదే కొనండి. సగం వాడి అటక మీద పెట్టిన పాత సీసా వద్దు, ఎందుకో కింద చెప్తాను. బ్లీడ్ నిపుల్‌కి (క్యాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరకి) సరిగ్గా పట్టే రింగు పానా (చాలా బండ్లకు 8 మి.మీ.), ఓపెన్ పానాతో తిప్పితే నిపుల్ మూలలు అరిగిపోయి పెద్ద తలనొప్పి అవుతుంది. అలెన్ కీల సెట్టు, పెద్ద సిరంజి, పారదర్శకమైన సన్న ట్యూబు. ట్యూబుకి సెలైన్ పైపు బాగా పనికొస్తుంది, మెడికల్ షాపులో దొరుకుతుంది, నిపుల్‌కి బిర్రుగా పడుతుంది. పాత టూత్ బ్రష్షు, సబ్బు నీళ్లు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు, చాలా పాత గుడ్డలు. బకెట్‌లో నీళ్లు పక్కనే పెట్టుకోండి, బ్రేక్ ఆయిల్ చుక్క పెయింట్ మీద పడితే వెంటనే కడగాలి, పది నిమిషాలు ఆలస్యమైతే పెయింట్ ఉబ్బి లేచిపోతుంది. మొదలెట్టే ముందే ట్యాంకు మీద తడి దుప్పటి కప్పేయండి.

ప్యాడ్లు, సీళ్లు కొనేటప్పుడు ఒక మాట. విజయవాడ ఆటోనగర్ అయినా, హైదరాబాద్ పుత్లీబౌలి అయినా అసలు సరుకు పక్కనే అచ్చం అదే డబ్బాలో నకిలీది కూడా దొరుకుతుంది. ఇండికేటరో సీటు కవరో అయితే సరే అనుకోవచ్చు. బ్రేకు విషయంలో మాత్రం షోరూమ్ పార్టుల కౌంటర్లో బిల్లుతో కొనండి.

ప్యాడ్లు తీసి క్యాలిపర్ కడగడం

ప్యాడ్లు పట్టుకునే పిన్నుని క్యాలిపర్ ఇంకా ఫోర్కుకి బిగించి ఉండగానే కొంచెం వదులు చేయండి, ఊడదీశాక అది చేతికి లొంగదు. తర్వాత క్యాలిపర్‌ని ఫోర్కుకి పట్టే రెండు బోల్టులు విప్పి మెల్లగా కిందికి లాగండి. హోసు మీద వేలాడనివ్వొద్దు, తీగతో ఫోర్కుకి కట్టేయండి. ఇప్పుడు పిన్ను తీస్తే ప్యాడ్లు బయటికొస్తాయి, ఏది లోపలిదో ఏది బయటిదో, స్ప్రింగు రేకు ఎటు తిరిగి ఉందో ఫోనులో ఒక ఫొటో తీసుకోండి.

ప్యాడ్లని పక్కపక్కన పెట్టి చూడండి, అవి చాలా విషయాలు చెప్తాయి. మెటీరియల్ 2 మి.మీ.కి దగ్గరపడినా, అరుగుదల చూపే గీత మాయమైనా మార్చేయండి. ఒకటి బాగా అరిగి ఇంకోటి కొత్తదానిలా ఉంటే జారే పిన్నులు బిగుసుకున్నట్టు. ఒకే ప్యాడ్ ఒక వైపు మందంగా ఇంకో వైపు పలచగా ఉన్నా అదే అనుమానం. పైభాగం అద్దంలా మెరుస్తుంటే వేడికి గట్టిపడింది, దాన్ని ఉప్పు కాగితం మీద, సమంగా ఉన్న గాజు పలక ఆధారంగా, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే మళ్లీ పనికొస్తుంది. జిడ్డు పీల్చిన ప్యాడ్ మాత్రం పారేయాల్సిందే, పెట్రోల్‌లో కడిగి మంట పెట్టి ఆరబెట్టినా లోపలికి దిగిన ఆయిల్ వేడెక్కగానే మళ్లీ పైకొస్తుంది.

ఆ నల్ల దుమ్ముని నోటితో ఊదొద్దు, ఎయిర్ గన్‌తో కొట్టొద్దు. తడి గుడ్డతో తుడవండి, మాస్కు ఉంటే పెట్టుకోండి.

ఇక అసలు పని. పిస్టన్లు ప్యాడ్లు అరిగేకొద్దీ బయటికి వస్తుంటాయి, బయటికొచ్చిన భాగం మీద బురద, దుమ్ము పేరుకుని గట్టిపడుతుంది. కొత్త ప్యాడ్లు వేయడానికి వాటిని అలాగే లోపలికి నెట్టేస్తే ఆ మురికంతా సీలుని గీకేస్తుంది. మన దగ్గర చాలాచోట్ల స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క తోపు తోసి ప్యాడ్లు వేసేస్తారు, నెల తిరిగేసరికి బ్రేకు పట్టేస్తోందని మళ్లీ వెళ్తాం. కాబట్టి నెట్టడానికి ముందు కడగాలి. క్యాలిపర్ మధ్యలో పిస్టన్లు ఊడిపడకుండా సరిపడా చెక్క ముక్క పెట్టి లివర్‌ని మెల్లగా ఒకటి రెండుసార్లు నొక్కండి, పిస్టన్లు కొన్ని మిల్లీమీటర్లు బయటికొస్తాయి. ఒకటి ముందుకొచ్చి రెండోది కదలకపోతే వచ్చినదాన్ని బొటనవేలితో ఆపి మళ్లీ నొక్కండి. ఇప్పుడు టూత్ బ్రష్షు, సబ్బు నీళ్లతో చుట్టూ రుద్దండి. వెనక వైపు బ్రష్షు అందదు, అక్కడ సన్నటి గుడ్డ పీలికని పిస్టన్ చుట్టూ తిప్పి రెండు కొసలు పట్టుకుని అటూ ఇటూ లాగండి, మెరుపు కనిపించేదాకా. మెరిసే పూత లేచిపోయి తుప్పు గుంటలు కనిపిస్తే పిస్టన్, సీళ్లు రెండూ మార్చాలి. బాగుంటే ఆరనిచ్చి, వేలితో కాస్త కొత్త బ్రేక్ ఆయిల్ రాసి, ఆయిల్ డబ్బా మూత తీసి ఉంచి, చేత్తోనే లోపలికి నెట్టండి. శుభ్రమైన పిస్టన్ రెండు బొటనవేళ్ల బలానికి లోపలికి వెళ్లాలి. వెళ్లట్లేదంటే ఇంకా కడగాలి.

సీళ్ల దగ్గర పెట్రోల్, డీజిల్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు ఏదీ తగలకూడదు. బ్రేకు రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది, ఉబ్బితే పిస్టన్ వెనక్కి రాదు.

జారే పిన్నుల దగ్గర రబ్బరు బూట్లు ఉంటాయి. బ్రాకెట్‌ని క్యాలిపర్ నుంచి లాగి పాత గ్రీజు పూర్తిగా తుడిచేసి, తుప్పు ఉంటే సన్న ఉప్పు కాగితంతో తీసి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మందంగా కూరితే లోపల గాలి చిక్కుకుని పిన్ను వెనక్కి తంతుంది. చేతితో జరిపితే ఆటంకం లేకుండా జారాలి. ఫ్లోటింగ్ క్యాలిపర్‌లో పిస్టన్లు ఒకవైపే ఉంటాయి, రెండో వైపు ప్యాడ్‌ని డిస్కుకి నొక్కేది ఈ జారుడే. అది లేకపోతే సగం బ్రేకే ఉన్నట్టు.

అన్నీ తిరిగి బిగించాక బండి కదిపే ముందు లివర్ గట్టిపడేదాకా కొట్టండి. ఇది మర్చిపోవడానికి వీల్లేదు, పిస్టన్లు వెనక్కి వెళ్లి ఉంటాయి కాబట్టి మొదటి నొక్కుకి బ్రేకు అసలు ఉండదు.

ఆయిల్ మార్చడం, గాలి తీయడం

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. మూత మీదున్న సన్న దారిలోంచి, రబ్బరు హోసు గోడలోంచి కూడా నీరు కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకాస్త తొందరగా. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, అదే 3.7 శాతం నీరు చేరితే ఆ కనీసం 155 డిగ్రీలకి పడిపోతుంది. తిరుమల ఘాట్ దిగుతూనో, మారేడుమిల్లి నుంచి కిందికి వస్తూనో పది నిమిషాలు బ్రేకు మీద చెయ్యి పెట్టే ఉంచితే క్యాలిపర్ బాగా కాగుతుంది, లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ఆయిల్‌ని నొక్కితే ఆ నొక్కు పిస్టన్‌కి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా వచ్చినా బండి ఆగదు. చల్లారాక మళ్లీ అంతా మామూలే, అందుకే మెకానిక్‌కి చూపిస్తే ఏ తప్పూ కనిపించదు. ఆయిల్ డికాక్షన్ రంగులోకి వచ్చిందంటే ఎప్పుడో మార్చాల్సింది, రంగు బాగున్నా రెండేళ్లకోసారి మార్చేయండి.

హ్యాండిల్ తిప్పి ఆయిల్ డబ్బా సమంగా ఉండేట్టు చూసుకోండి. మూత స్క్రూలు మెత్తటివి, తుప్పు పట్టి ఉంటాయి, సరైన సైజు స్క్రూడ్రైవర్ పెట్టి దాని తల మీద చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి అప్పుడు తిప్పండి. మూత, రబ్బరు డయాఫ్రం తీసి పాత ఆయిల్‌ని సిరంజితో లాగేసి, అడుగున పేరుకున్న మడ్డిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, కొత్తది నింపండి. అప్పుడే ఒకటి గమనించండి: లివర్‌ని కొంచెంగా, చివరిదాకా కాకుండా, మొదట్లోనే కదిపితే డబ్బా అడుగునున్న సన్న రంధ్రంలోంచి ఆయిల్ చిన్నగా పైకి చిమ్మాలి. చిమ్మితే రంధ్రం తెరిచి ఉన్నట్టు. అది మూసుకుపోతే వేడికి వ్యాకోచించిన ఆయిల్ వెనక్కి వెళ్లే దారి లేక, మీరు లివర్ ముట్టుకోకుండానే బ్రేకు దానంతట అదే పట్టేస్తుంది.

క్యాలిపర్ నిపుల్‌కి ముందు రింగు పానా తొడిగి, దాని మీద ట్యూబు తొడగండి. ట్యూబు రెండో కొసని కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచి ఉంచండి. ఇక వరస ఇదీ: లివర్ మెల్లగా నొక్కి పట్టుకోవాలి, నిపుల్ పావు చుట్టు తెరవాలి, లివర్ దిగుతుంది, దిగిన లివర్‌ని వదలకుండా నిపుల్ మూయాలి, మూశాకే లివర్ వదలాలి. నిపుల్ తెరిచి ఉండగా లివర్ వదిలితే గాలి వెనక్కి పీల్చుకుంటుంది, అప్పటిదాకా చేసిన పనంతా వృథా. పాత బండి అయితే లివర్‌కీ గ్రిప్పుకీ మధ్య చిన్న చెక్క ముక్క పెట్టుకోండి, ఎందుకంటే మాస్టర్ సిలిండర్ లోపల పిస్టన్ ఎప్పుడూ వెళ్లని చివరి భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి, అక్కడిదాకా తోస్తే సీలు చిరుగుతుంది.

ట్యూబులో మొదట ముదురు రంగు ఆయిల్, మధ్యమధ్యలో బుడగలు వస్తాయి. నాలుగైదు నొక్కులకోసారి డబ్బా వైపు చూడండి, మట్టం అడుగుకి పోనివ్వొద్దు, ఒక్కసారి గాలి మింగిందంటే మళ్లీ మొదటికి. కొత్త ఆయిల్ రంగు వచ్చి బుడగ ఒక్కటి కూడా కనిపించకపోయేదాకా సాగించండి.

ఇంత చేసినా లివర్ కాస్త మెత్తగానే ఉంటుంది ఒక్కోసారి. గాలి పైకి పోతుంది, మనమేమో దాన్ని కిందినుంచి లాగుతున్నాం, అందుకని చివరి బుడగలు మాస్టర్ సిలిండర్ దగ్గరి బాంజో బోల్టు (హోసుని బిగించే, లోపల రంధ్రం ఉన్న బోల్టు) వంపులో ఇరుక్కుంటాయి. బండిని సైడ్ స్టాండ్ మీద పెట్టి హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పండి, మాస్టర్ సిలిండర్ అన్నిటికంటే ఎత్తులోకి వస్తుంది. ఇప్పుడు హోసుని కింది నుంచి పైకి వేలితో తడుతూ లివర్‌ని కొద్దికొద్దిగా ఆడించండి, డబ్బాలోకి చిన్న చిన్న బుడగలు పైకి తేలడం కనిపిస్తుంది. చూస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అప్పటికీ మిగిలితే మూత బిగించి, లివర్‌ని నొక్కి తాడుతో గ్రిప్పుకి కట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దున్నకి చాలావరకు గట్టిపడుతుంది.

చివర్లో మట్టం గరిష్ఠ గీత దాటకుండా పోసి, డయాఫ్రం మడతలు సరిగ్గా సర్ది, మూత పెట్టండి. తర్వాత నడిపే కాలంలో మట్టం మెల్లగా తగ్గుతుంటుంది. కారడం లేకపోతే అది ప్యాడ్లు అరుగుతున్నందుకే. తగ్గిందని పైన పోస్తూ పోకండి, ప్యాడ్లు చూడండి. అలా పైన పోసి ఉంచితే కొత్త ప్యాడ్లు వేసిన రోజు పొంగి ట్యాంకు మీద పడుతుంది.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం ఆగి జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్ల సంగతి వేరు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఆ తర్వాతి క్లాసిక్‌లకి అది ఉంటుంది. మామూలుగా ఆయిల్ మార్చుకోవడం ఇంట్లోనే కుదురుతుంది, డబ్బా ఖాళీ కానివ్వకపోతే చాలు. హోసు విప్పి, ఏబీఎస్ మాడ్యూల్ లోపలికి గాలి వెళ్తే మాత్రం సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి లోపలి వాల్వులు తెరిపించాల్సి రావచ్చు. ఆ పని ఇంట్లో మొదలుపెట్టకండి.

ఇప్పుడు అప్‌గ్రేడ్

ఇంత చేశాక నిజాయితీగా చెప్తున్నా, చాలామందికి ఇక్కడితో సరిపోతుంది. సరిపోకపోతే మొదట ప్యాడ్లు మార్చండి. ఆర్గానిక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు బాగా పడతాయి, చప్పుడు చేయవు, డిస్కుని తక్కువ అరగదీస్తాయి, ఊళ్లో తిరిగేవాళ్లకి అవే మేలు. సింటర్డ్ ప్యాడ్లు లోహపు పొడిని కాల్చి చేసినవి, వేడికీ వానకీ తట్టుకుంటాయి, ఘాట్లు ఎక్కువ తిరిగేవాళ్లకి అవి. కాకపోతే డిస్కుని ఎక్కువ తింటాయి, ప్యాడ్ల కంపెనీ మీ మోడల్ పేరు రాసి ఇస్తేనే వేయండి. ప్యాడ్ వెనక రేకు మీద రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉండొచ్చు, మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. జీ కంటే హెచ్ ఎక్కువ పట్టు. రెండూ హెచ్ అయితే చల్లగానైనా వేడిగానైనా గట్టి పట్టు ఉన్నట్టు.

రెండోది స్టీల్ అల్లిక హోసు. పాత రబ్బరు హోసు గట్టిగా నొక్కినప్పుడు కొంచెం ఉబ్బుతుంది, లోపల టెఫ్లాన్, బయట స్టీల్ అల్లిక ఉన్నది ఉబ్బదు, లివర్ చేతికి స్పష్టంగా తెలుస్తుంది. బ్రేకు బలం దానితో పెరగదు, బలం చేతిలో ఉన్న భావన, అదుపు పెరుగుతాయి. కొనేటప్పుడు పొడవు చూసుకోండి: ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు హోసు లాగినట్టు ఉండకూడదు. ఎత్తు హ్యాండిల్ బార్ వేసుకున్నవాళ్లకి మామూలు పొడవు చాలదు. బాంజో బోల్టు మర రెండు రకాలు, ఎం10 సైజులోనే ఒకటి 1.0 పిచ్ (మర గీతల మధ్య దూరం, మి.మీ.లో), ఇంకోటి 1.25 పిచ్. బ్రెంబో, బైబ్రే కంపెనీల వాటికి సాధారణంగా 1.0, జపాన్ తరహా వాటికి 1.25. చూడటానికి ఒకేలా ఉంటాయి, వేళ్లతో మూడు నాలుగు చుట్లు సాఫీగా ఎక్కకపోతే పానా పెట్టకండి, మాస్టర్ సిలిండర్ మర పోతే మొత్తం కొత్తదే. బాంజోకి రెండు వైపులా పడే రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయాలి, పాతవి ఒకసారి నలిగాయి కాబట్టి మళ్లీ సరిగ్గా మూయవు.

మూడోది మాస్టర్ సిలిండర్, ఇక్కడ లెక్క తెలియకుండా దిగొద్దు. పెద్దది వేస్తే బ్రేకు బలం పెరుగుతుందనుకుంటారు, జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. అదే చేతి బలానికి చిన్న పిస్టన్ ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. ఉదాహరణకి 12.7 మి.మీ. బదులు 11 మి.మీ. పిస్టన్ ఉంటే వైశాల్యం లెక్కన ఒత్తిడి మూడో వంతు పెరుగుతుంది, లివర్ కూడా మూడో వంతు ఎక్కువ దూరం దిగాలి. పెద్దది వేస్తే లివర్ రాయిలా గట్టిగా ఉంటుంది, బండి ఆపడానికి మాత్రం ఇంకా ఎక్కువ నొక్కాలి. కాబట్టి క్యాలిపర్ మార్చినా, మాస్టర్ మార్చినా రెండింటి పిస్టన్ల సైజులు కలిపి చూడాలి. 280 డిస్కు తీసి 300ది వేస్తే బ్రేకు బలం ఏడెనిమిది శాతం పెరుగుతుంది, అంతే. దానికి క్యాలిపర్ బ్రాకెట్ కూడా కొలతకి కచ్చితంగా చేయించాలి. స్థానికంగా లేత్ మీద ఇనుప పట్టీతో చేయించిన బ్రాకెట్‌ని నేను ఎవరికీ సిఫారసు చేయను, అది విరిగితే క్యాలిపర్ వెళ్లి చక్రం ఆకుల (స్పోకుల) మధ్య పడుతుంది, చక్రం అక్కడికక్కడ ఆగిపోతుంది.

రంగురంగుల అడ్జస్టబుల్ లివర్లు వేయించేవాళ్లు ఒకటి చూసుకోండి. లివర్ వదిలేసినప్పుడు మాస్టర్ పిస్టన్‌కి తగలకుండా వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. కొన్ని చవక లివర్లు దాన్ని ఎప్పుడూ కొంచెం తోసే ఉంచుతాయి, ఇందాక చెప్పిన సన్న రంధ్రం మూసుకుపోతుంది, ఊరు దాటి పది కిలోమీటర్లు వెళ్లాక ముందు చక్రం పట్టేస్తుంది.

డాట్ 5 గురించి కూడా చెప్పాలి, నంబరు పెద్దది కాబట్టి మంచిదనుకుని పోసేవాళ్లున్నారు. డాట్ 5 సిలికాన్ ఆయిల్, డాట్ 4తో కలవదు, పోయొద్దు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే, కొత్తప్పుడు కనీసం 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, కావాలంటే వాడుకోవచ్చు.

డ్రమ్ము బండికి డిస్కు పెట్టించడం మీద కూడా చాలామందికి ఆశ. అదే మోడల్‌లో కంపెనీ డిస్కు వెర్షన్ ఉంటే దాని చక్రం, ఫోర్కు, క్యాలిపర్, మాస్టర్ మొత్తం సెట్టుగా అయితేనే ఆలోచించండి. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆంక్షలు పెడుతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా దాన్ని పట్టుకుంటారు. ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

కొత్త ప్యాడ్లకి అలవాటు చేయడం

ప్యాడ్లు గానీ డిస్కు గానీ కొత్తవి వేసిన రోజే ఘాట్ ఎక్కకండి. డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు పోయేలా తుడిచి, ట్రాఫిక్ లేని రోడ్డు మీద 50 స్పీడుకి వెళ్లి మెల్లగా బిగిస్తూ 10కి తీసుకురండి, పూర్తిగా ఆపకండి, మళ్లీ కొంచెం దూరం గాలికి చల్లారనిచ్చి ఇంకోసారి. పది పదిహేనుసార్లు ఇలా చేస్తే ప్యాడ్ మెటీరియల్ డిస్కు మీద సమంగా పూతలా అంటుకుంటుంది. మధ్యలో కాలుతున్న డిస్కు మీద బ్రేకు పట్టుకుని నిలబడితే అక్కడొక మచ్చ పడుతుంది, అదే తర్వాత లివర్‌లో తన్నుడుగా తెలుస్తుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సాఫీగా వాడండి.

అదే ఖాళీ రోడ్డు మీద చేతికి కూడా అభ్యాసం పెట్టండి. లివర్‌ని ఒక్కసారిగా గుంజితే, బరువు ముందుకి వాలకముందే చక్రం ఆగి జారుతుంది, చిన్నప్పుడు మనకి చెప్పిన పల్టీ కథలు అక్కడి నుంచి వచ్చినవే. ముందు వేళ్లతో కొంచెం బిగించి, ఫోర్కు దిగడం తెలియగానే ఇంకా గట్టిగా నొక్కండి. మలుపులో బండి వాలి ఉన్నప్పుడు, ఇసుక మీద, తడి పేడ మీద దాన్ని ముట్టుకోకండి. ఘాట్ దిగేటప్పుడు ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగండి, ఇంజిన్ పట్టి ఉంచుతుంది, బ్రేకుకి మధ్యమధ్యలో చల్లారే టైము దొరుకుతుంది. దిగుతుంటే లివర్ మెత్తబడుతున్నట్టు తోస్తే వెంటనే పక్కకి ఆపి అరగంట ఆగండి, డిస్కు మీద నీళ్లు పోయకండి, వంగిపోతుంది.

పని పూర్తయిన మర్నాడు పొద్దున్న బాంజో బోల్టులు, నిపుల్, క్యాలిపర్ కింద తెల్ల కాగితంతో ఒకసారి తుడిచి తడి అంటుతోందేమో చూడండి, అంటితే బండి తీయకండి. నిపుల్ మీది రబ్బరు టోపీ పెట్టడం మర్చిపోతే లోపల బురద చేరి వచ్చేసారికి మూసుకుపోతుంది, టోపీ పోతే కొత్తది కొని పెట్టండి. సీసాలో పట్టిన పాత ఆయిల్‌ని మురుగు కాలువలో పారబోయకండి, మొక్కల్లో అసలే వద్దు. మూత బిగించి మీ మెకానిక్‌కి ఇచ్చేయండి, వాళ్ల దగ్గర పాత ఆయిల్ డ్రమ్ముల కోసం మనిషి వస్తుంటాడు, కాకపోతే దాన్ని పాత ఇంజిన్ ఆయిల్‌లో కలపకుండా విడిగా పెట్టమని చెప్పండి.